ఉప్పుగాలి, బ్రేకు గొట్టం, కామాఠీపుర

బొంబాయి దీవుల నడిమి పల్లాన్ని సముద్రపు పోటు నుంచి కాపాడేందుకు 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట లేచిన తరువాత, నిజాం రాజ్యం నుంచీ ఇతర తెలుగు సీమల నుంచీ వలస వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీలు స్థిరపడినందున ఆ పేట కామాఠీపుర అయింది. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కాపురముండే చాళ్లలో కారు షెడ్డుకు తావెక్కడిది? సొంతంగా బండి బాగుచేసుకోదలచినవారికి వీధి అంచే దిక్కు.

కుర్లా కర్మాగారంలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా తయారై, 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన కారు నగరపు టాక్సీగా దశాబ్దాలు తిరిగింది. దాని డ్రమ్ బ్రేకులు, అనగా పెడల్ నొక్కగానే ద్రవపీడనం వల్ల లోపలి షూలు విచ్చుకొని తిరిగే డ్రమ్మును ఒరిసి ఆపే ఏర్పాటు, సన్నని ఉక్కు గొట్టాలపై ఆధారపడ్డాయి. ఉప్పుగాలికీ వానకూ తోడు క్లిప్పుల కింద తేమ నిలిచి, పైకి కనబడకుండానే అవి తుప్పుపట్టేవి.

గొట్టం మార్చడంలో అసలు నేర్పు ఫ్లేరింగ్‌లో, అంటే నట్టు బిగించినప్పుడు ద్రవం కారకుండా కొనను రెండు మడతలుగా విప్పార్చడంలో ఉంది. ఆ తరువాత గాలి బుడగలు పోయేదాకా ద్రవాన్ని వదలడం ఓపిక పని. మామూలు రాగి సులువుగా వంగినా అదురుకు పగులుతుంది. వోల్వో 1976లో చేపట్టిన రాగి–నికెల్ మిశ్రలోహం తుప్పును తట్టుకుంటుంది. పాత విడిభాగాలకు పేరుపడిన చోర్ బజారు పేటకు చేరువే అయినా, వాడేసిన బ్రేకు గొట్టం ఎంత చౌకైనా కొనదగింది కాదు.

2003 అక్టోబరు 29న తార్‌దేవ్ రవాణా కార్యాలయంలో నమోదైన చివరి పద్మిని టాక్సీ, 20 ఏళ్ల గడువు తీరి, 2023 అక్టోబరు 30 నుంచి రోడ్డెక్కలేదు.