కల్లు ఆగితే ఫిట్స్ ఎందుకొచ్చాయి?

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. మంచి పనే. కానీ కల్లు ఆగిన కొద్ది రోజులకే పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రులకు జనం వరుస కట్టారు. చేతుల వణుకు, పిచ్చిపిచ్చి మాటలు, ఫిట్స్. మన సోలాపూర్, భివండీ కుటుంబాల్లో చాలామందికి సొంతూళ్లు అటువైపే కనుక ఈ చరిత్ర చెప్పాలనిపించింది.

ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అంటే తాగేవాళ్లు తెలియకుండానే ఏళ్ల తరబడి నిద్రమందు మింగుతున్నారన్నమాట. మందు రోజూ మెదడుకు బ్రేకు వేస్తుంటే, మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఇక పట్టి ఆపేదేమీ ఉండదు.

ఇది పాత సంగతే. 1903లో వెరొనాల్ వచ్చింది, 1912లో ఫినోబార్బిటాల్. మన ఇళ్లలో గార్డినాల్ అంటాం కదా, అదే. ఫిట్స్ తగ్గించే మందే, అలవాటయ్యాక హఠాత్తుగా మానితే ఫిట్స్ తెప్పిస్తుంది! 1950లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో పనిచేసిన హారిస్ ఇస్‌బెల్ బృందం తమ ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. ఐదుగురు ఖైదీలకు నెలల తరబడి ఇలాంటి మందులిచ్చి ఒక్కసారిగా ఆపేశారు. నలుగురికి ఫిట్స్ వచ్చాయి. ఖైదీల మీద అలాంటి పని నాకైతే దారుణమే అనిపిస్తుంది, కానీ అనుమానం తీరింది అక్కడే.

1960లో లిబ్రియం, 1963లో వేలియం వచ్చాయి. పాతవాటికన్నా సురక్షితమన్నారు. 1961లోనే లియో హోలిస్టర్ పెద్ద మోతాదులో లిబ్రియం వాడుతున్న 11 మందికి దాని బదులు ఉత్తుత్తి మాత్రలిచ్చి చూశాడు. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, ఒకరికి 7వ రోజున, ఇంకొకరికి 8వ రోజున. లిబ్రియం ఒంట్లోంచి మెల్లగా పోతుంది, అందుకే అంత ఆలస్యం. అల్ప్రాజోలం త్వరగా పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదం మొదలవుతుంది.

ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు ఈ మాత్రలు మాన్పించే క్లినిక్ నడిపారు. ఆమె పద్ధతి ఒకటే, వారాలూ నెలలూ పట్టినా కొంచెం కొంచెంగా తగ్గించడం.

మన దేశంలో 2014 మార్చి నుంచి అల్ప్రాజోలం హెచ్1 జాబితాలో ఉంది, మెడికల్ షాపు వాళ్లు ప్రతి అమ్మకం రిజిస్టరులో రాయాలి. కల్లు కాంపౌండులో రిజిస్టరు ఎక్కడిది? అందుకే ఆపరేషన్‌కని పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చేటప్పుడు, వాళ్లు సిగ్గుపడి దాచినా, కల్లు అలవాటూ రాత్రి వేసుకునే మాత్ర పేరూ డాక్టరుకు మీరే చెప్పండి.