మైకు ముందు నాయుడుగారమ్మాయి

1932లో లార్డ్స్ మైదానంలో మన దేశపు మొదటి టెస్టు జట్టుకు కెప్టెన్‌గా ఉన్న సి.కె. నాయుడుగారిది నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆయన సంగతి మహారాష్ట్ర తెలుగువాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన కూతురు చంద్రా నాయుడుగారి గురించి మనలో ఎంతమందికి తెలుసు?

ఆవిడ భారతదేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాత. ఉద్యోగం ఇండోరు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం. 1977లో ఇండోరులో బొంబాయి జట్టుకూ, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుకూ జరిగిన మ్యాచ్‌తో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. అప్పటికే ఆవిడకు నలభై దాటాయి.

బంతి ఎక్కడ పడింది, ఫీల్డరు ఎక్కడున్నాడు, పరుగు ఎందుకు రాలేదు, ఇవన్నీ మరో బంతి పడేలోపు చెప్పెయ్యాలి. ఆట తెలియనివాళ్లు ఒక్క ఓవరు కూడా నెట్టుకురాలేరు. తండ్రి పేరు ఎంత పెద్దదైనా అక్కడ అక్కరకు రాదని నాకనిపిస్తుంది.

స్కోరుకార్డులో ఆటగాళ్ల పేర్లుంటాయి, వ్యాఖ్యాతల పేర్లుండవు. చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. అందుకే ముందుగా మాట్లాడినవాళ్లని మనమే గుర్తుపెట్టుకోవాలి.

చంద్రగారు 2021 ఏప్రిల్‌లో ఇండోరులో కన్నుమూశారు. తండ్రి గురించి ఆవిడ ఒక పుస్తకం రాశారు. ఆవిడ గురించి రాయాల్సింది మనమే కదా!