తాడు పట్టే బావమరిది

పాతికేళ్లు అచ్చంపేటలో జువాలజీ చెప్పాను. ‘ఏకస్థితికం’ అని బోర్డు మీద రాయగానే పిల్లలకు ఆవులింతలొచ్చేవి. నిజానికి ఆ మాట నాకు ఒంటబట్టింది అమ్రాబాద్ అడవిలో, చెంచుల తేనె కోత దగ్గర.

కొండచరియకు వేలాడే పెద్ద తుట్టె కోయాలంటే పొగ పెట్టి, తాడు మీద దిగాలి. వెనకటికి ఆ తాడు అడవి తీగలతో పేనిందే. పైన తాడు పట్టేది బావమరిదే కావాలని కట్టుబాటు. “అన్నదమ్ములు పట్టరాదా?” అని ఒక పెద్దాయన్ని అడిగాను.

“అన్నదమ్ములను నమ్ముతమా సారూ! బామ్మర్ది తాడు విడిస్తే వాళ్లక్క పుస్తెలతాడే తెగుతది.”

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ చెంచు పెంటల్లో (గూడేల్లో) తిరిగి, 1943లో చెంచుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. అప్పుడీ ప్రాంతం నిజాం ఏలుబడిలోని మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూల్. నడుమ గిరిజన సహకార సంస్థ వచ్చి తేనెను కిలోల లెక్కన కొన్నది. తాడు మాత్రం బావమరిది చేతిలోనే ఉంది.

ఇంత చుట్టరికం చూసి కోసే తుట్టెలో పోతుటీగకు తండ్రే లేడు! రాణి ఈగ గుడ్డుకు వీర్యకణం కలిస్తే ఆడది, కలవకపోతే మగది. ఆడదానికి 32 క్రోమోజోములు, పోతుకు సగమే, 16. ఏకస్థితికం అంటే ఇదే. ఆ పదహారూ తల్లివే. తండ్రి లేడు గానీ తల్లిని కన్న తాత ఉంటాడు. కూతుళ్లు పుడతారు, కొడుకులు పుట్టరు. 1845లో సైలీషియాలో జీర్జోన్ ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. 1856లో జంతుశాస్త్రవేత్త సీబోల్డ్ మైక్రోస్కోపు పెట్టి చూసి ఔనన్నాడు. జీర్జోన్ చర్చి ఫాదర్. తండ్రి లేని పుట్టుక గుట్టు ఒక ఫాదరే విప్పడం తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

పొద్దుగూకే వేళ తుట్టె చుట్టూ ఝుమ్మని లేచిన ఈగలను పెద్దాయన చూపించాడు. “ఇవి పోతులు. ముల్లుండదు, కుట్టవు.” కళ్లు మాత్రం ఇంతింత. వాటికి తండ్రి లేడని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

“మరి బామ్మర్ది?”

“ఉంటడు, రాణితో పుట్టిన పోతులుంటయి కదా. కానీ జోడు కట్టిన నిమిషానికే పోతు చస్తది.”

“అయితే మంచిదే,” అన్నాడు. “బామ్మర్దికి తాడు పట్టే పని తప్పింది.”