ఆ గోడకు రంధ్రాలు లేవు

కుడి జఠరికకూ ఎడమ జఠరికకూ నడుమ ఒక కండర గోడ ఉంటుంది. గుండె పాఠం వచ్చినప్పుడల్లా మాంసం కొట్టులో ముందే చెప్పి పొట్టేలు గుండె తెప్పించేదాన్ని. బ్లేడుతో నిలువుగా కోసి ట్రేలో పరిచి, బైపీసీ పిల్లలందరి చేతా ఆ గోడను నొక్కించేదాన్ని. బిగువైన కండ. కుడివైపున కండర పోగుల మధ్య గుంటలు కనిపిస్తాయి. పుల్లతో పొడిస్తే కొంత దిగి ఆగిపోతుంది. ఏ గుంటా అవతలికి తేలదు.

రక్తం వెళ్లే దారి పిల్లలు ఒక్క పీరియడ్‌లో అప్పజెప్పేస్తారు. మహాసిరల నుంచి కుడి కర్ణిక, కుడి జఠరిక, అక్కణ్నుంచి పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు. తిరిగి పుపుస సిరల గుండా ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, ఆపైన మహాధమనిలోకి. గోడకు ఇవతలి గదిలోంచి అవతలి గదిలోకి చేరడానికి రక్తం ఊపిరితిత్తులన్నీ తిరిగి రావాలి. ఈ ఒక్క సంగతి తేలడానికి ఎన్ని శతాబ్దాలు పట్టిందో పాఠంలో ఉండదు. నాకు మాత్రం అది చెప్పకుండా బాణం గుర్తులు గీయబుద్ధయ్యేది కాదు.

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో పెర్గమాన్‌లో గ్లాడియేటర్ల గాయాలకు వైద్యం చేసి, తర్వాత రోమ్‌లో పేరు తెచ్చుకున్న గేలెన్‌ను తెలివి తక్కువవాడని నేనెప్పుడూ అనను. ధమనుల్లో ఉండేది గాలి కాదు, రక్తమేనని రుజువు చేసింది ఆయనే. కానీ తిన్న తిండి కాలేయంలో రక్తమవుతుందనీ, పొలానికి పారించిన నీరు మళ్లలో ఇంకినట్టు అది ఒంట్లో ఖర్చయిపోతుందనీ నమ్మాడు. మరి ఎడమ జఠరికకు రక్తం ఎలా చేరుతుంది? గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయి, వాటిలోంచి ఊరుతుంది అన్నాడు. ఆ గుంటలే వాటి నోళ్లనుకున్నాడు.

పుట్టుకతోనే ఆ గోడకు నిజంగా రంధ్రం ఉన్న పిల్లల్ని మనం చూస్తూనే ఉంటాం. ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి వాళ్లలో కూడా రక్తం సాధారణంగా ఎడమ నుంచి కుడికే తోసుకుపోతుంది. అంటే గేలెన్ చెప్పినదానికి సరిగ్గా ఎదురు దిశలో.

మొదట కాదన్నవాడు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో వైద్యం నేర్చి కైరోలో స్థిరపడినవాడు. 1242లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే, అవిసెన్నా వైద్యగ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్యానం రాశాడు. గోడ మందమైనది, దానికి కనిపించే దారీ లేదు, కనిపించని రంధ్రాలూ లేవు, రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి గాలితో కలిసి ఎడమ జఠరికకు రావాల్సిందే అని రాశాడు. ఊపిరితిత్తుల్లో ధమనికీ సిరకూ మధ్య సన్నని దారులు ఉండి తీరాలనీ అన్నాడు. ధర్మశాస్త్రం, జాలి తనను శరీరాల్ని కోయనివ్వలేదని కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఆ వ్యాఖ్యానం రాతప్రతి 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో అల్ తతావి అనే ఈజిప్టు వైద్యుడి కంటపడ్డాకే ఈ సంగతి ఆధునిక ప్రపంచానికి తెలిసింది. బోర్డు మీద హార్వే పుస్తకం వచ్చిన 1628 రాసే ముందు 1242 రాయడం అందుకే నాకు పట్టుదల.

యూరప్‌లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెసేలియస్ 1543 నాటి తన గ్రంథంలో, కనిపించని రంధ్రాల్లోంచి రక్తం ఊరేలా చేసిన సృష్టికర్త నేర్పుకు ఆశ్చర్యపోయాడు. 1555 నాటి రెండో ముద్రణలో అనుమానాన్ని బాహాటంగానే బయటపెట్టాడు. ఈలోగా ఊపిరితిత్తుల దారిని తన మతగ్రంథంలో రాసిన సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో సజీవ దహనం చేశారు. ఆయన్ను కాల్చింది రక్తం గురించి రాసినందుకు కాదు, దైవం గురించి రాసినందుకు. పుపుస సిరలను కోసి చూస్తే ఉన్నది రక్తమేనని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు కొలంబో పుస్తకం 1559లో చెప్పింది.

ఇక హార్వే. పాడువాలో చదివి లండన్ వచ్చిన ఈ వైద్యుడు 1628లో అచ్చు వేయించింది 72 పేజీల పుస్తకం. గుండె ప్రతి దెబ్బకూ ఎంత రక్తం తోస్తుందో కావాలనే బాగా తక్కువ వేసుకుని లెక్క కట్టాడు. అయినా అరగంటలో బయటికి వచ్చేది ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోయింది. అంత రక్తం తిండిలోంచి పుట్టదు కాబట్టి అదే తిరిగి రావాలి. ఈనాటి లెక్కలో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 5 లీటర్లు.

ఆయనలో నాకు మరీ నచ్చేది ముసలితనంలో చేసిన పని. డెబ్బై దాటాక కూడా గోడలో రంధ్రాల మాట పట్టుకు వేలాడేవాళ్లు ఉన్నారు. ఉరితీసిన మనిషి శరీరం తెప్పించి, తోటి వైద్యులు చూస్తుండగా పుపుస ధమనినీ, పుపుస సిరలనూ, మహాధమనినీ కట్టేశాడు. ఎడమ జఠరికను కోసి తెరిచి ఉంచాడు. ఎద్దు మూత్రాశయానికి గొట్టం తగిలించి, మహాసిర గుండా కుడి జఠరికలోకి గోరువెచ్చని నీళ్లు గట్టిగా ఎక్కించాడు. కుడి గదులు ఉబ్బిపోయాయి. అవతల ఒక్క చుక్క రాలేదు. కట్లు విప్పి, అదే గొట్టాన్ని పుపుస ధమనిలో పెట్టి నీళ్లు నొక్కితే, రక్తంతో కలిసి ఎడమ జఠరికలోంచి బుడబుడా బయటికి వచ్చాయి. 1651లో ష్లెగెల్ అనే జర్మన్ వైద్యుడికి రాసిన ఉత్తరంలో ఇదంతా వివరించాడు.

ఊపిరితిత్తుల్లో ఆ నీళ్లు ధమని నుంచి సిరలోకి ఏ దారిన దాటాయో హార్వే చూడలేకపోయాడు. 1657లో కన్నుమూశాడు. నాలుగేళ్లకు, 1661లో, బొలోన్యాకు చెందిన మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి కేశనాళికలను చూశాడు. ధమనికీ సిరకూ మధ్య ఉండి తీరాలని ఇబ్న్ అల్ నఫీస్ నాలుగు వందల ఏళ్ల ముందే రాసిన దారులు అవే.