ఆయా నుంచి కేర్‌టేకర్ దాకా

గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల్లోకి పొద్దున్నే పనికి వచ్చేవాళ్లను సెక్యూరిటీవాళ్లు అడిగేవి రెండే: ఏ ఫ్లాటు, ఏం పని. వంటకు వచ్చినావిడ, ఇల్లు తుడిచే ఆవిడ ఒక్క మాటలో చెప్పి వెళ్లిపోతారు. మంచాన పడ్డ పెద్దాయన్ని చూసుకునే ఆవిడకు మాత్రం ఒక పేరంటూ కుదరలేదు. ఏజెన్సీ కాగితంలో అటెండెంట్, గేటు యాప్‌లో కేర్‌టేకర్, పెద్దాయన నోట సిస్టర్, పక్క ఫ్లాటువాళ్ల మాటల్లో ఆయా. అమెరికాలో ఉన్న కొడుకైతే ఇంకా పొట్టిగా తేల్చేస్తాడు: "నాన్నకి మనిషిని పెట్టాం."

వీటిలో ఎక్కువ దూరం తిరిగొచ్చిన మాట ఆయా. పోర్చుగీసువాళ్లు పిల్లల్ని పెంచే ఆడమనిషిని అలా పిలిచేవారు. దాని వేరు లాటిన్‌లో 'అవ్వ' అనే అర్థమున్న మాటలో ఉందంటారు. ఓడల మీద మన తీరానికి చేరి, ఇంగ్లీషు దొరల బంగళాల్లో స్థిరపడింది. తర్వాత దొరసానుల పిల్లల్ని ఎత్తుకుని ఆయాలే లండన్‌కు ఓడలెక్కారు. ఒడ్డు చేరాక నీ పని అయిపోయిందని వదిలేస్తే తిరుగు టికెట్టుకు డబ్బుల్లేక చిక్కుకుపోయినవాళ్లు ఎందరో. వాళ్లు తలదాచుకోవడానికి నడిచిన 'ఆయాల హోమ్' 1900లో లండన్‌లోని హాక్నీ ప్రాంతానికి మారింది. ఆ ఇంటి గోడకు 2022లో గుర్తింపుగా నీలి ఫలకం బిగించారు. ఇక్కడ ఆ మాట బడిలో, అంగన్‌వాడీలో, సర్కారు దవాఖానా వార్డులో ఇప్పటికీ డ్యూటీ చేస్తూనే ఉంది.

ఆయా రాకముందు మనకు మాటల్లేక కాదు. ధాత్రి నుంచి వచ్చిన దాది ఉంది. మంత్రసాని ఉంది. అందులోని 'సాని' స్వామిని నుంచి వచ్చింది, దొరసానిలో ఉన్నదీ అదే. పేరులో అంత పెద్దరికం ఉన్నా, పురుడు పోసే చేతులకు మైల అంటగట్టిన ఊళ్లు ఆ పెద్దరికాన్ని నిలవనివ్వలేదు. హైదరాబాదు నవాబుల హవేలీల్లో పాలిచ్చే ఆమె 'అన్నా', పురుడు పోసే ఆమె 'దాయీ', ఇంటి పనులు చూసే ఆమె 'మామా'. తెలుగు చెవికి అన్నా, మామా రెండూ మగవాళ్లే!

సిస్టర్ క్రైస్తవ సన్యాసినుల నుంచి ఆసుపత్రికి వచ్చింది. మగ నర్సు వస్తే అదే వరసలో బ్రదర్ అయ్యాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్ చేసింది. మంచి పనే. కానీ సెలైన్ అయిపోతుంటే "ఆఫీసరమ్మా" అని ఎవరు పిలుస్తారు? "సిస్టర్!" అనే కేకేస్తారు.

కేర్‌టేకర్ ఇంకో వింత. ఇంగ్లండులో బడి భవనానికి తాళాలు వేసే మనిషి కేర్‌టేకర్. మన పత్రికల్లో అదే మాట ముఖ్యమంత్రికి తగిలితే 'ఆపద్ధర్మ' అవుతుంది. గచ్చిబౌలిలో తాతగారికి డైపర్ మార్చే ఆవిడకు తగిలింది.

నిజానికి తెలుగులో ఈ పనికి క్రియలు దండిగా ఉన్నాయి: చూసుకోవడం, కనిపెట్టుకుని ఉండటం, దగ్గరుండి చేయడం. చేసే మనిషికే పేరు లేదు. ఎందుకుంటుంది? ఆ పని కోడలిది, కూతురిది, పెళ్లాంది. జీతం లేని పనికి హోదా పేరెందుకనుకున్నారు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఐటీ ఆఫీసులకు వెళ్లే ఇళ్లలో అది డబ్బిచ్చి చేయించుకునే పనైంది. అప్పుడు పేరు కావాల్సి వచ్చి, చేతికందిన ఇంగ్లీషు మాట తగిలించాం. వైద్యానికి నాలుగు పాదాలని చెప్పిన చరక సంహిత రోగి పక్కనుండే పరిచారకుణ్ణి వైద్యుడితోపాటు ఒక పాదంగా లెక్కపెట్టింది. ఆ లెక్క మన ఇళ్లకు చేరలేదు.

పేరుతో జీతం కూడా ముడిపడి ఉంటుంది. 2005లో మొదలైన ఆశా పథకం ఆరోగ్య పనుల మీద ఇంటింటికీ తిరిగే ఆడవాళ్లను వాలంటీర్లు అంది, చేతికిచ్చేది పారితోషికం అంది. అంగన్‌వాడీలో టీచరుకూ ఆయాకూ ఇచ్చేది గౌరవవేతనం. ఇది జీతం కాదనే వాదన చాలాకాలం నడిచింది. గ్రాట్యుటీ లెక్కకు అదీ జీతమేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. గచ్చిబౌలి ఫ్లాటులోని 'మనిషి'కి ఆ తీర్పు వర్తించదు. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. అందులో వాళ్లకు పెట్టిన పేరు గృహ కార్మికులు. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.