చేపల నీళ్లల్ల పాలకూర పసుపెక్కితే: అన్నభేది వెనక 180 ఏళ్ల కథ



ఈసారి చెప్పేది పొలం ముచ్చట కాదు, మా బావ డాబా మీది ముచ్చట. కానీ మన పల్లి చేనుకూ దానికీ చుట్టరికం ఉంది. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

అక్కావాళ్లు ఉండేది హైదరాబాద్ తూర్పు దిక్కున మన్సూరాబాద్‌ల. ఇప్పుడు ఎల్బీనగర్ పక్కన ఎటు చూసినా మేడలే గానీ, ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో అదీ మన ఊరిలాంటి ఊరే. 2007లో గ్రేటర్‌లో కలిసింది. బావ వెయ్యి లీటర్ల ట్యాంకులో తిలాపియా చేపలు వేసిండు. ఆ నీళ్లను చిన్న మోటారుతో కంకర తొట్లలోకి తిప్పి పాలకూర, తోటకూర పెంచుతుండు. మట్టి అసలే లేదు. చేపల విసర్జనలో ఉండే అమ్మోనియాను కంకరకు పట్టిన సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తయి, దాన్ని మొక్క తీసుకుంటది. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నరు.

పోయిన ఎండాకాలం ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, లేత ఆకులు పసుపెక్కినయి, ఈనెలు మాత్రం పచ్చగనే ఉన్నయి." ముదురాకు ముందుగా పసుపెక్కితే నత్రజని అనుకుందును. లేతాకు పసుపు, ఈనె పచ్చ అంటే మనకు తెలిసిందే, ఇనుప ధాతు లోపం. ఆలోచించకుండా చెప్పేసిన: అన్నభేది, నిమ్మ ఉప్పు. పల్లికి ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, 200 లీటర్ల నీళ్లల్ల కలిపి కొడతం గదా, అదే లెక్క. బావ ఏం చేసిండంటే, ఆకుల మీద కొట్టుడెందుకు, వేర్లకే అందుతది గదా అని తీసుకపోయి ట్యాంకులోనే పోసిండు. సాయంత్రానికి నీళ్లు తుప్పు రంగు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచినయి. ఏడు చచ్చిపోయినయి. పాలకూర పసుపు మాత్రం పోలేదు.

తప్పు నాదే. ఆకు మీదనే కొట్టాలె అని నేను చెప్పలేదు. ఎందుకిట్లయింది అని చదువుకుంట పోతే కథ ఫ్రాన్సు దాకా పోయింది.

1840లలో అక్కడ యుజేబ్ గ్రిస్ అనే ఆయన పాలిపోయిన ఆకుల మీద ఇనుప లవణాల ద్రావణం పూసి చూసిండు. పూసినచోట ఆకు పచ్చబడింది. ద్రాక్ష తీగల పసుపు మీదనే ఆయన పనికి పేరొచ్చింది. ఒకప్పుడు మన హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినోళ్లకు ద్రాక్ష ఆకు పసుపు అంటే చెప్పక్కర్లేదు. ఇయ్యాల మనం పంపుతో అన్నభేది కొడుతున్నమంటే ఆయన దారిలోనే నడుస్తున్నట్టు.

ఆ తర్వాత 1860లో జర్మనీలో జూలియస్ సాక్స్ మట్టి లేకుండా ఒట్టి నీళ్లల్ల, లవణాలు కలిపి మొక్కలు పెంచి చూపించిండు. ఇనుము లేకుంటే ఆకు తెల్లబడుతది, వేస్తే పచ్చబడుతది అని ఆ నీళ్లల్లనే తేలింది. బావ డాబాకు తాత ముత్తాతలు ఎవరంటే ఈ గాజు సీసాలే. కానీ వాళ్లకూ ఒక తలనొప్పి ఉండె. వేసిన ఇనుము నీళ్లల్ల నిలవదు. గాలి తగలంగనే తుప్పయి అడుగుకు దిగుతది. మళ్లీ మళ్లీ వేయాలె.

ఇక్కడే అసలు కిటుకు. మన ఎర్ర నేలలకు ఆ ఎరుపు ఇనుముతోనే వచ్చింది. చెల్కలో ఇనుముకు కరువు లేదు, అయినా సున్నం ఎక్కువున్న చోట పల్లి పసుపెక్కుతది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీళ్లల్ల కరిగే తుప్పు ఇనుము దాదాపు వెయ్యి వంతులు తగ్గుతది. ఉన్నా లేనట్టే. బావ బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే పీహెచ్ 8 చూపించింది. అందులో అన్నభేది పోస్తే ఏమైతది? తుప్పు కావడానికి నీళ్లలోని ఆక్సిజన్‌ను గుంజుకుంటది. ఆ తుప్పు రేణువులు చేపల మొప్పలకు పట్టుకుంటయి. ఏడు చేపలు అట్లనే పోయినయి.

మనం నిమ్మ ఉప్పు కలిపేది కూడా ఇనుము తుప్పు కాకుండా కొంతసేపు పట్టి ఉంచడానికే. కానీ అది పంపు ట్యాంకులో ఉన్నంతసేపటి సాయం. దానికన్నా గట్టి పట్టు దొరికింది బట్టల రంగుల పరిశ్రమలో! 1935 ప్రాంతంలో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూన్జ్ నిమ్మ ఉప్పుకు బదులుగా వాడుకోవడానికి ఈడీటీఏ అనే పదార్థం తయారుచేసిండు. వ్యవసాయం ఆయన మనసులో లేనే లేదు. 1951లో అమెరికాలో జాకబ్సన్ అనే శాస్త్రవేత్త ఇనుమును ఈడీటీఏతో కట్టి నీటి సాగులో వేస్తే అది అడుగుకు దిగకుండా నిలిచింది. మరుసటేడే ఫ్లోరిడాలో స్టీవార్ట్, లియోనార్డ్ దాన్ని నిమ్మజాతి తోటల్లో వాడి ఆకులు పచ్చబడ్డయని రాసిన్రు. మన కొట్లల్ల చీలేటెడ్ ఐరన్ అని అమ్మేది ఇదే. చీలేట్ అన్న మాటకు మూలం గ్రీకులో ఎండ్రికాయ డెక్క. డెక్కతో పట్టుకున్నట్టు ఇనుమును పట్టుకుంటదన్నమాట.

అయితే అన్ని డెక్కలూ ఒక్క తీరు కావు. ఈడీటీఏ పట్టు పీహెచ్ 6.5 దాటితే సడలుతది, సున్నం నేలల్లో తేలిపోయింది. డీటీపీఏ 7.5 దాకా ఓర్చుకుంటది. ఈడీడీహెచ్ఏ ఇంకా పైన కూడా పనిచేస్తది గానీ ధర ఎక్కువ, నీళ్లు ఎర్రగా మారుతయి. కొట్టుకు పోతే డబ్బా మీద ఏది రాసుందో చూసి తీసుకోండి. ఎక్కువగా దొరికేది 12 శాతం ఈడీటీఏ.

చేపల నీళ్లకు ఈ లెక్కను కుదిర్చినోళ్లలో ముందుండేది కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవి వాళ్లు. అక్కడి వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం 1980ల నుంచి తిలాపియాతో ఏళ్ల తరబడి సాగు చేసింది. చేపల మేతతో మొక్కకు చాలా పోషకాలు అందుతయి గానీ ఇనుము, పొటాష్, కాల్షియం చాలవని చూసి, లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున చీలేట్ రూపంలో మూడు వారాలకోసారి వేసిన్రు. వాళ్ల నీళ్లు రోజురోజుకూ పులిసేవి, అందుకని కాల్షియం, పొటాషియం హైడ్రాక్సైడ్లు మార్చి మార్చి వేసి పీహెచ్ 7 దగ్గర నిలిపేవాళ్లు. మన బోరు నీళ్ల కథ దానికి ఉల్టా.

బావ ట్యాంకుకు లెక్క కట్టినం. వెయ్యి లీటర్లకు 2 గ్రాముల ఇనుము కావాలె. 11 శాతం డీటీపీఏ అయితే 18 గ్రాములు. ముందు తుప్పు పట్టిన నీళ్లు సగం తీసేసి, డ్రమ్ముల్లో పట్టిన వాన నీళ్లు రోజుకింత చొప్పున కలిపిండు, పీహెచ్ 7.2కు దిగేదాకా. ఒక్కసారే దించితే చేపలూ ఆగవు, సూక్ష్మజీవులూ ఆగవు. ఎండకు చీలేట్ విరుగుతది కాబట్టి పొద్దుగూకినంక బకెట్ల కలిపి పోయమన్న.

పోసే ముందు బావ రెండుసార్లు ఫోన్ చేసిండు, "చేపలకేం కాదు గదా?" అని. ఏం కాలేదు. పది రోజులకు కొత్తాకు పచ్చగా వచ్చింది. పాత పసుపాకులు పూర్తిగా తేరుకోలేదు, వాటిని అక్క తెంపి పారేసింది.