కన్నపు దొంగలు, తలారులు, తాళం కప్పలు

ఈసారి పంట ముచ్చట కాదు, కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల మా ఊర్లో ఒక ఇంట్లో దొంగలు పడినారు. ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోయి రెండు రాత్రులు లేరు. తాళం కప్ప చెక్కు చెదరలేదు. గొళ్ళెం కొక్కీనే మరలతో సహా ఊడబెరికినారు. ఆరు తులాల బంగారు పోయింది. మర్నాడు రచ్చకట్ట మీద రెండు మాటలు లేచినాయి. ఇంటికింత చందా వేసుకుని కెమెరాలు పెట్టాల అనేది ఒకటి. చెరువు కట్ట కింద బుట్టలు అల్లుకునే ఎరుకల వాళ్ళ గుడిసెలు వెతకాల అనేది రెండోది. ఆ రెండో మాట లేచినప్పుడు నేనూ అక్కడే ఉన్నా. నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి ఈ సంగతే మనసులో తిరుగుతా ఉంది.

పాత రోజుల్లో దొంగ తలుపు జోలికి వచ్చేవాడు కాదు. తలుపు గట్టిది, లోపల గడెమాను వేసి ఉండేది. మట్టి గోడే మెత్తన. అందుకే మన భాషలో దొంగతనానికి ‘కన్నం వేయడం’ అనే మాట నిలిచిపోయింది. ఈ విద్య ఎంత పాతదంటే, శూద్రకుడి మృచ్ఛకటికం నాటకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. కాల్చిన ఇటుకైతే ఊడబీకాల, పచ్చి ఇటుకైతే కోయాల, మట్టి గోడైతే తడపాల అని లెక్క చెప్పుకుంటాడు. కొలతకు తాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు. తను దూరే ముందు ఒక బొమ్మను లోపలికి తోస్తాడు, ఎవరైనా మేలుకొని ఉన్నారేమోనని. మా జేజి చెప్పిన కథల్లో బొమ్మ బదులు కర్రకు బోర్లించిన కుండ ఉండేది. లోపలివాళ్ళు కాచుకొని రోకలితో కొడితే కుండ పగులుతుంది, దొంగ తల మిగులుతుంది.

తెల్లోళ్ళు 1860లో శిక్షాస్మృతి రాసినప్పుడు, ఇంటికి కన్నం వేయడమంటే ఏమిటో చెప్తూ ఇచ్చిన మొదటి ఉదాహరణ కూడా గోడకు రంధ్రం చేసి చెయ్యి లోపల పెట్టడమే. పొద్దు గూకినాక, పొద్దు పొడవకముందు దొంగతనానికని ఆ పని చేస్తే పద్నాలుగేళ్ళ దాకా శిక్ష.

మా సీమ మిద్దె ఇళ్ళు చూడండి. కిటికీలు తక్కువ, గోడలు మందం, వెలుతురుకు మిద్దె మీద గవాచి. ఎండకే కాదు, దొంగకూ అడ్డమే ఆ కట్టుబడి. జొన్నలు పాతరలో, బంగారు నేలలో పూడ్చిన చెంబులో. పూడ్చినాయన చెప్పకుండా చచ్చిపోతే అదే తర్వాతి తరానికి లంకెబిందె.

అయితే గోడ ఒక్కటే కాపాడలేదు. ఊరికి తలారి ఉండేవాడు. ఆయన జీతం సర్కారు ఖజానా నుంచి రాదు. కొంత మాన్యం, కళ్ళంలో ప్రతి రైతూ కొలిచే ఇన్ని చేటల గింజలు. ఊరికి పోతూ తలారికి ఒక మాట చెప్తే చాలు, ఆ రాత్రి రెండుసార్లు ఎక్కువగా ఆ ఇంటి ముందు కేక వినపడేది. దొంగతనం జరిగితే అడుగు జాడ పట్టి పొలిమేర దాకా పోవాల. జాడ పక్క ఊర్లోకి దిగిందంటే బాధ్యత ఆ ఊరి కావలివాళ్ళది. దొంగ దొరక్కపోతే పోయిన సొమ్ము కావలివాడే కట్టుకోవాలనే కట్టడి చాలాచోట్ల ఉండేది. ఇది వినడానికి బాగుంది గానీ, ఇందులో తిరకాసూ ఉంది. కొన్నిచోట్ల పాలెగాళ్ళే కావలి రుసుం వసూలు చేసేవాళ్ళు. కట్టని ఊరికి దొంగలు ఎక్కడి నుంచి వస్తారో అందరికీ తెలుసు!

1800లో నిజాం మన జిల్లాలు కంపెనీకి ధారపోసినాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చినాడు. ఏడేళ్ళలో ఎనభై మంది దాకా పాలెగాళ్ళను అణిచినాడు. కానీ తలారిని మాత్రం ఉంచినాడు. 1816 రెగ్యులేషన్‌లో ఊరి పోలీసు పని మళ్ళీ గ్రామ పెద్దకూ, ఆయన కింద కరణానికీ తలారికీ అప్పజెప్పినారు. 1859 చట్టంతో యూనిఫారం పోలీసు వచ్చింది. అప్పట్నుంచి తలారి పోలీసుకు కబురు మోసే మనిషయినాడు. ఊరికి జవాబు చెప్పే మనిషి కాకుండా పోయినాడు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినాయి. అది మంచి పనే, దాన్ని తప్పు పట్టను. కానీ రాత్రి కేక వేసే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

ఇంక ఎరుకల వాళ్ళ సంగతి. వీళ్ళు కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి మెట్ట ఊర్లలో అమ్మి, బదులు గింజలు తీసుకుపోయిన వ్యాపారస్తులు. 1805లో మద్రాసు ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యంలోకి పోయింది. తర్వాత రైలు వచ్చి ఆ బేరాన్ని మింగేసింది. 1882 అడవి చట్టం వచ్చినాక వెదురుకూ ఇబ్బందే. బతుకుతెరువు పోగొట్టిన సర్కారే 1911 చట్టం కింద వీళ్ళను పుట్టుకతోనే నేరస్తులని రాసేసింది. వేలిముద్రలు, హాజరీ, ఊరు దాటితే పాసు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టినారు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద. ఆ ఊరి జనం సేద్యం చేసినారు, చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయినారు. సినిమాలకు మాత్రం దొంగలే కావాల్సి వచ్చినారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. మా రచ్చకట్ట మీద ఇంకా పోలేదు.

తాళాల సంగతి కొంచెం చెప్తా. దిండిగల్, అలీగఢ్ తాళాలు సంతల్లో అమ్మేవాళ్ళు. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో తాళాల పని మొదలుపెట్టినాడు. తాళం కప్ప గట్టిదయ్యే కొద్దీ మనం దాన్ని బిగించే కొయ్యను మర్చిపోయినాం. మా ఊర్లో జరిగిందీ అదే. వెయ్యి రూపాయల కప్పకు నాలుగు చిన్న మరలు. గొళ్ళేనికి మరలు కాదు, తలుపు ఆరపార బోల్టు పోనిచ్చి లోపలివైపు నట్టు బిగించుకోండి. వడ్రంగికి గంట పని.

బంగారు బ్యాంకులో ఉంటే భయం లేదంటారు. నిజమే, మా ఇంటిది చాలా ఏళ్ళుగా బ్యాంకులోనే ఉంది, పంట లోను కింద. దొంగకు మా ఇంట్లో దొరికేది పట్టాదారు పాసుపుస్తకం నకలే.

ఆంధ్రాలో పోలీసోళ్ళ ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది. ఊరికి పోతూ అందులో తెలియజేస్తే, వీలును బట్టి తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెట్టిపోతారు. డబ్బులేమీ తీసుకోరు. తలారికి మాట చెప్పి పోవడం లాంటిదే, చేటెడు గింజలు కూడా అక్కర్లేదు. పెళ్ళికి పోయినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. చెప్పాల్సిన మేమూ చెప్పలేదు.

గుడిసెలు వెతికినారు. బుట్టలు, వెదురు దబ్బలు తప్ప ఏమీ దొరకలేదు. ఏటా మా ఇంటికి గంపలు ఇచ్చే ముసలాయన ఆనాటి నుంచి మా వీధికి రావడం మానేసినాడు.

కెమెరాలకు నా వంతు ఐదు వందలు ఇచ్చినా. ఒక కెమెరాను చెరువు కట్ట వైపు తిప్పి పెట్టాలని ముగ్గురు నలుగురు పట్టుబడతా ఉన్నారు. ఆదివారం అందరం కూర్చుంటాం. ఈసారి వద్దని చెప్పాలనుకుంటా ఉన్నా.